జవాబు రాలేదంటే పేరు లేదని కాదు

ఆఫీసులో ఆమెను అందరూ ఆగక్క అంటారు. ఎవరైనా హడావిడిగా ప్రోగ్రాము పంపబోతే చాలు, "ఆగు, అవతలివైపు పలక్కపోతే ఏం చెయ్యాలో రాశావా?" అని అడ్డం పడుతుంది. వివరాలన్నీ దాచే డేటాబేసుకూ, దాన్ని వాడే ప్రోగ్రాములకూ మధ్య నడిచే కోడు రాయడం ఆమె పని. ఇటు ప్రశ్న అటు చేర్చాలి, అటు జవాబు ఇటు తేవాలి. పదిహేనేళ్ళుగా అదే. అంత జాగ్రత్త మనిషి చేతిలోనే ఆ తప్పు జరిగింది.

ఆమె పిన్నికి మూర్ఛ జబ్బు. మాత్ర ఒక్కపూట తప్పినా ప్రమాదమే. నెలనెలా ప్రభుత్వ మందుల కౌంటర్లో ఉచితంగా ఇస్తారు. ఆ సోమవారం పిన్ని ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మంగళవారమూ అంతే. ఇంట్లో మిగిలినవి రెండు మాత్రలు.

"ఏమే, జాబితాలో నా పేరు లేదట! ఎదురుగా నిలబడ్డాను కదయ్యా అంటే కౌంటరతను కంప్యూటరు చూపించాడు. నాకన్నా దాని మాటకే విలువ."

"పేరెందుకుండదు పిన్నీ? పోయిన నెల ఇచ్చారుగా."

"అది రాసినవాళ్ళెవరో కనుక్కుని నాలుగు చీవాట్లు పెట్టవే."

ఆ కౌంటరు తెరకూ డేటాబేసుకూ మధ్య నడిచే కోడు రాసింది ఆగక్కే.

బుధవారం పొద్దున పిన్నితో కలిసి వరసలో నిలబడింది. వాళ్ళ ముందున్న ఆవిడను పేరు లేదని తిప్పి పంపేశారు. కౌంటరతను పిన్ని పేరు కొట్టాడు. మూడు సెకన్లు తెల్లటి తెర, తర్వాత 'పేరు లేదు'.

"ఇంకోసారి కొట్టండి బాబూ," అంది ఆగక్క.

"లేనిది రెండోసారి కొడితే పుట్టుకొస్తుందా అమ్మా?" అంటూనే కొట్టాడు. పేరు వచ్చింది. అతను నోరు తెరిచాడు.

మాత్రల పొట్లం సంచిలో వేసుకుని పిన్ని కదల్లేదు. "నా సంగతి సరే. ఇందాక వెనక్కి వెళ్ళిపోయిన ఆవిడకి నీలాంటి అక్కకూతురు లేదుగా?"

ఆగక్క ఆఫీసుకు వెళ్ళి పాత కోడు తెరిచింది. డేటాబేసు తనతో మాట్లాడడానికి ఒకేసారి ఇరవై కనెక్షన్లే ఇస్తుంది. తీసుకున్నవాళ్ళు పనవగానే తిరిగిచ్చేయాలి. నివేదికలు తయారుచేసే ప్రోగ్రాము ఒకటి, తీసుకున్నవి వదలకుండా పట్టుకు కూర్చుంది. పొద్దున రద్దీలో కౌంటర్లకు మిగల్లేదు. మూడు సెకన్లు చూసి ఆమె కోడు చేతులెత్తేసింది. ఆ మాట చెప్పినా బాగుండేది. చెప్పకుండా ఖాళీ జాబితా తిరిగిచ్చింది. ఆ ఖాళీని తెర 'పేరు లేదు' అని చదివింది. లేనివాళ్ళకు లేదని చెప్పడం మనకెంత అలవాటైపోయిందంటే, యంత్రానికీ అదే నేర్పాం.

మధ్యాహ్నానికి సరిచేసింది. తీసుకున్న కనెక్షను ఏం జరిగినా తిరిగిచ్చేట్టు రాసింది. జవాబు రాకపోతే ఇప్పుడా కోడు కాస్త ఆగి మళ్ళీ అడుగుతుంది. మందిచ్చినట్టు నమోదు చేసే సందేశాన్ని మాత్రం, రెండుసార్లు ఇచ్చినట్టు పడకుండా, గుడ్డిగా రెండోసారి పంపదు, మొదటిది చేరిందో లేదో చూసుకుంటుంది. అప్పటికీ పలక్కపోతే తెరమీద 'జవాబు రాలేదు, మనిషిని వెనక్కి పంపకండి' అని పడుతుంది.

మేనేజరు ముఖం చిట్లించాడు. "ఇలా రాస్తే మన సిస్టమ్ పనిచెయ్యట్లేదని ఊరంతా చెప్పుకోరూ?"

"పనిచెయ్యనప్పుడు చెప్పుకోనివ్వండి సార్. ఇంకోటి, ఈ మూడు రోజుల్లో అరవైమూడు మందిని తిప్పి పంపాం. వాళ్ళకి ఫోన్లు చెయ్యాలి."

"చేసి ఏమంటావ్? తప్పు మనదనా?"

"నాదని. కాయితమ్మీద రాసిమ్మన్నా ఇస్తాను."

ఆయన ఆమె చేతిలోని అరవైమూడు పేర్ల కాయితాన్ని అందుకున్నాడు. పై సగం చించి తను ఉంచుకుని, మిగతాది ఆమెకిచ్చాడు.

సాయంత్రానికి ఆగక్క వంతులో ఒక్క పేరే మిగిలింది. ఎన్నిసార్లు మోగినా ఎవరూ ఎత్తలేదు. "కొట్టెయ్ అక్కా, నంబరు మారిపోయుంటుంది," అన్నారు పక్క సీటు నుంచి.

ఆమె కొట్టెయ్యలేదు. పేరు పక్కన 'జవాబు రాలేదు' అని రాసి, కాసేపాగి మళ్ళీ అదే నంబరు నొక్కింది.