కాలింది ఎప్పుడంటే

1986, మామిడి కోతల కాలం. నూజివీడులో నేను స్టాఫ్ నర్సుగా చేస్తున్న ఆసుపత్రికి ఆగిరిపల్లి తోటల్లో కాపలా ఉండే కూలీని మధ్యాహ్నం వేళ జీపులో తెచ్చారు. పాకలో పంపు స్టవ్వు పేలి రెండు కాళ్లూ, పొట్టా కాలాయి. ఎప్పుడు జరిగిందని అడిగితే అతని భార్య నాగమణి, "ఇప్పుడేనండీ, కాలగానే తెచ్చేశాం" అంది.

ఒళ్లు కాలితే రక్తనాళాల్లోని నీరు కారి చుట్టూ ఉన్న కండలోకి పోతుంది. పైకి వాపు కనిపిస్తుంది గానీ లోపల రక్తం చిక్కబడి కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే మనిషి బరువునీ, కాలినంత మేరనీ లెక్కగట్టి సెలైన్ ఎక్కిస్తాం. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లో పోవాలి. ఆ గంటలు ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి.

మా సర్జన్ గారికి లెక్కల పిచ్చి. ఏ గంటకు ఎంత నీరు కారుతుందో, ఎంత మూత్రం రావాలో గ్రాఫు కాగితం మీద గీత గీసి, దాన్ని మోడల్ అనేవారు. జాతకం వేస్తున్నారని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆయన నోరు మాత్రం మహా చెడ్డది. ఆలస్యంగా తెచ్చినవాళ్ల మీద వార్డు దద్దరిల్లేలా కేకలేసేవారు.

ఆ రోజు మూత్రం గీతకి బాగా కిందనే ఉండిపోయింది. సెలైన్ లెక్క ప్రకారమే పోతోంది, మనిషేమో దాహం దాహమని కొట్టుకుంటున్నాడు. దక్కడేమోనని నాకు భయం వేసింది. సర్జన్ గారు గీత మొదలయ్యే గంటని వెనక్కి జరిపి చూశారు. పొద్దున్నే కాలి ఉంటే అంకెలన్నీ కుదురుతున్నాయి. నాగమణిని మళ్లీ అడగమని నన్ను పంపారు.

నేను టైము అడగలేదు. స్టవ్వు పేలేసరికి మీ ఆయన అన్నం తిన్నాడా అన్నాను. చద్దన్నం కూడా తినలేదని చెప్పి, నాలిక్కరుచుకుంది. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

"ముసునూరులో పసరు పోస్తారంటే ముందు అక్కడికి తీసుకెళ్లామండీ. మీ ఆసుపత్రి ముందు నుంచే వెళ్లాం. ఆలస్యం చేశామంటే డాక్టరుగారు తిట్టి పంపేస్తారని చెప్పలేదండీ."

సెలైన్ వేగం పెంచాం. సాయంత్రానికి మూత్రం గీతని అందుకుంది. అతను బతికాడు.

తన మోడల్ నెగ్గిందని సర్జన్ గారు సంబరపడతారనుకున్నాను. ఆయన నాగమణి అన్న మాట నా చేత రెండోసారి చెప్పించుకున్నారు. ఆ తర్వాత కేకలు పూర్తిగా మానలేదు గానీ, కాలిన కేసు వస్తే వేళ తెలిసేదాకా గొంతు పెంచేవారు కాదు. భయపడ్డవాళ్లని టైము అడిగితే, మనకి కోపం రాని టైమే చెబుతారని నాకు ఆ రోజు తెలిసింది.