మా బావ కంచంలో నెయ్యి

మా బావ గుండె ఆగి పోయాడని హైదరాబాదు నుంచి కబురు రాగానే మా అమ్మ "నా కొడుకు పోయాడే" అంటూ గడపలో కూలబడింది. ఆమె కన్న ఒక్కగానొక్క కొడుకును నేను. పక్కనే నిలబడి ఉన్నాను.

బావంటే మా అక్క భర్త. మా గురజాల వైపు అల్లుడికి వడ్డించాకే కొడుక్కి. నెయ్యి గిన్నె ముందు ఆయన దగ్గర ఆగేది. నా దాకా వచ్చేసరికి అడుగు గీకే చప్పుడే. ఈ వయసులోనూ నాకు ఆ చప్పుడంటే పడదు. పైగా ఆయన మాటకారి. నేను నోరు తెరిచేలోపే అమ్మను నవ్వించేవాడు.

కిడ్నీలు చెడ్డాక అక్కా ఆయనా హైదరాబాదులో గది తీసుకున్నారు, డయాలసిస్ కోసం. ఒకసారి నేనూ ఆసుపత్రికి వెంట వెళ్ళాను. డాక్టరు గాజు గొట్టంలో నిలవబెట్టిన బావ రక్తం చూపించాడు. పైన తేరిన నీరు పాలలా తెల్లగా ఉంది.

"మనిషి సన్నబడ్డాడు గదా, కొవ్వెక్కడిది అనుకోవద్దు. ఈ జబ్బులో కొవ్వు సరిగా ఖర్చు కాక రక్తంలోనే ఉండిపోతుంది. మిషను మురికిని తీస్తుంది గానీ దీన్ని తీయలేదు. గుండెకు ప్రమాదం. నెయ్యి మానాలి" అన్నాడు.

బావ నా వైపు తిరిగి, "చూశావంట్రా, మీ అమ్మ పోసిందేదీ వృథా పోలా" అన్నాడు.

ఊరొచ్చినప్పుడు అక్క ఆ మాట చెబితే అమ్మ ఒప్పుకోలేదు. "ఎముకలు బయటపడ్డ మనిషికి కొవ్వేందే? ఆ డాక్టరుకు తల్లి లేదా?" అంది. కంచంలో నెయ్యి పోసి, పైన అన్నం కప్పి తెచ్చి పెట్టింది. బావ కలపబోయి ఆగాడు. అమ్మ కూర కోసం లోపలికి వెళ్ళగానే తన కంచం నా ముందుకు తోసి నాది లాక్కున్నాడు. అంత నెయ్యి నాకు ఎన్నడూ పడలేదు. సగంలోనే మొహం మొత్తింది.

"జబ్బు మనిషి ఎట్టా ఊడ్చి తిన్నాడో చూడు! నువ్వేంది, కోడి కెలికినట్టు కెలుకుతున్నావ్?" అని అమ్మ నన్నే తిట్టింది. నా ఒట్టి అన్నం తిని మెప్పు కూడా ఆయనే కొట్టేశాడు.

చేతులు కడుక్కుంటూ, "అమ్మకు చెప్పరాదా బావా?" అన్నాను.

"వద్దురా. అత్త లెక్కలో నేనింకా తింటే కోలుకునేవాణ్ణి. అట్టాగే ఉండనీ."

ఆ తర్వాత వచ్చినప్పుడల్లా కంచాలు మార్చుకున్నాం. నాకు ఒళ్ళొచ్చింది. ఆయనకు రాలేదు. మాటలు రాని నన్ను నమ్మి ఆ పని అప్పగించినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. అమ్మకు చదువు రాదు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాను.

చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు మిషను పక్కన పడుకుని ఉన్నాడు. గొంతు బాగా సన్నబడింది.

"అత్త ఏం వండిందిరా?"

"గోంగూర పచ్చడి."

"అంతేనా? సరిగా చెప్పు."

తడుముకుంటూ చెప్పాను. పొగలు కక్కే అన్నం, రోట్లో నూరిన పచ్చడి, పచ్చి ఉల్లిపాయ.

"నెయ్యి సంగతి చెప్పవేంది?"

"మునగాకు వేసి కాసింది బావా. ఎర్రగా."

పుట్టినప్పటి నుంచి అమ్మ చేతి కూడు తింటున్నాను. ఆ రుచి ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు. ఆ పూట కూడా కుళ్ళుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, ఎండిన పెదాలు తడుపుకుంటూ, ఖాళీ నోటితో నిదానంగా నములుతున్నాడు.