ముప్పై ఎనిమిది రాళ్ళు

మా తాత చెన్నప్పకు బాగా ఇష్టమైన మాట ఒక్కటే. "థూ." కాఫీలో చక్కెర తక్కువైనా థూ, ఎక్కువైనా థూ. టీవీలో వార్తలు మొదలైతే థూ, అయిపోయినా థూ. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన మొదట అన్న మాట అదేనట. వాళ్ళు పెట్టిన బోండాలో వెంట్రుక వచ్చిందని. "ఆ వెంట్రుక నాదే. అయినా నన్నే చేసుకున్న్యాడు" అని మా అవ్వ మునియమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

తాత పని కంచె రాళ్ళు నాటడం. మాది గుడుపల్లె పక్కన చిన్న ఊరు. కుప్పం చుట్టుపక్కల క్వారీల్లో రాయిని పొడుగ్గా చీల్చి ఇస్తారు. ఏడడుగుల రాయి. అడుగున్నర మట్టిలోకి, మిగతాది పైకి. పదడుగులకొకటి నాటి ముళ్ళతీగ లాగితే కంచె. యాభై ఏళ్ళుగా ఆయన చేసింది ఇదే. అన్నదమ్ములు విడిపోయినా, వియ్యంకులు కొట్టుకున్నా, పొలం చేతులు మారినా మా తాతకు కబురొచ్చేది. ఇప్పుడు డెబ్బై దాటాయి కాబట్టి గుంతలు తవ్వడు. నేల చూసి, తాడు పట్టి, ఎన్ని రాళ్ళు పడతాయో చెబుతాడు. ఆయన చెప్పిన లెక్క ఒక్క రాయి కూడా తప్పదు. బడి ముఖం చూడని మనిషి. నేను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్నాను. అందుకే ఆయన్ను ఊళ్ళు తిప్పే పని నాకు పడింది. జీతం లేదు. తిట్లకు మాత్రం కొదవ లేదు.

తాత చిన్న కొడుకు, మా చిన్నాయన గణేష్, మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో నర్సు. వెంకటరమణ అనే ఆయనతో కలిసి ఉంటాడు. ఆయన కారు డ్రైవింగు నేర్పిస్తాడు. ఇద్దరూ రూము పంచుకున్న స్నేహితులు కారు, ఒక సంసారం. నాలుగేళ్ళ కిందట చిన్నాయన ఈ మాట మా ఇంట్లోనే చెప్పాడు. అందరం కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాం. అవ్వ ఒలవడం ఆపలేదు. తాత థూ అనలేదు. అనుంటే బాగుండేది.

వారం తర్వాత ఇంటి పక్కన పదకొండు రాళ్ళు నాటాడు. వీధి నుంచి నేరుగా వెనక పశువుల కొట్టం దగ్గరి గదికి ఒక సందు. "పండగకొస్తే ఈ దారిన రా. ముందు వాకిట్లోంచి వద్దు. ఊరు చూస్తాది" అన్నాడు. చిన్నాయన అట్లాగే వచ్చేవాడు, ఏడాదికి రెండుసార్లు. అవ్వ అన్నం గిన్నె తీగల మీద నుంచి అందించేది. వెంకటరమణ ఒక్కసారే వచ్చాడు. చొక్కా తీగకు తగులుకుని చిరిగింది. మళ్ళీ రాలేదు.

మదనపల్లెలో వాళ్ళ బతుకూ అంతంత మాత్రమే. నాలుగు అద్దె ఇళ్ళు మారారు. ఒక ఇంటాయన సామాన్లు వీధిలో పెట్టేస్తే, బస్టాండు దగ్గర ఉండే భారతమ్మ అనే హిజ్రా తన గదిలో తొమ్మిది రోజులు ఉంచుకుని అన్నం పెట్టింది. ఈ సంగతి చిన్నాయన అవ్వకు ఫోనులో చెప్పాడు. అవ్వ తాతకు చెప్పింది. తాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మొన్న మాఘమాసంలో చిన్నాయన ఫోన్ చేశాడు. స్పీకరు నేనే పెట్టాను.

"నాయనా, మేం మాకంటూ ఒక ఊరు కట్టుకుంటాండాం. మాలాటోళ్ళకే. నలభై ఇండ్లు. మా పంచాయతీ, మా సట్టం. పుంగనూరు పైన పన్నెండెకరాలు చూసినాం. నువ్వొచ్చి సూడు. అయ్యే పనేనా కాదా నువ్వు చెప్పు. అయ్యేదైతే రాళ్ళు నువ్వే నాటాల."

"నాటితే?"

"నాటితే ఇంక మీ సందులోంచి వచ్చే పని నాకుండదు."

ఫోను పెట్టేశాక అవ్వ చేటను విసురుగా కింద పెట్టింది. "ఆ ఊరు లేసిందంటే వాడు ఇంక ఈ గడప తొక్కడు. పోయి సూసి కాదని సెప్పు."

"కాదని చెప్పేది నాకు నేర్పిస్తాండావా?" అన్నాడు తాత. అదొక్కటి మాత్రం నిజం.

కుప్పంలో బస్సెక్కి పలమనేరు మీదుగా పుంగనూరు వెళ్ళాం. అక్కడి నుంచి చిన్నాయన ఆటోలో తీసుకుపోయాడు. రాళ్ళగుట్ట కింద ఎర్ర నేల. కలబంద, కంపచెట్లు. పదిహేను మంది దాకా వచ్చి ఉన్నారు, బెంగళూరు కార్లు రెండు. వెంకటరమణ దూరంగా బండికి ఆనుకుని నిలబడ్డాడు. తాత ఆయన వైపు చూడలేదు. కంపచెట్టు నీడలో భారతమ్మ మజ్జిగ క్యాను పెట్టుకుని గ్లాసుల్లో పోస్తోంది.

వీళ్ళందరికీ పెద్ద కిరణ్ అనే ఆయన. బెంగళూరులో కంప్యూటర్ల ఉద్యోగం. కారు బానెట్ మీద ప్లాను పరిచాడు. "తాతా, మేం ప్రభుత్వాన్ని ఏమీ అడగం. కోర్టు మేం తప్పు కాదంది, అంతవరకు చాలు. లోపల మా రూల్స్ మావి. నెలకోసారి సభ. నలభై ఆరు నియమాలు రాసుకున్నాం."

"కరెంటు?"

"సోలారు."

"నీళ్ళు?"

"బోరు వేయిస్తాం."

"ఈడ పన్నెండొందల అడుగులు దింపినా దుమ్మొస్తాది. సరే. పోలీసోళ్ళు?"

"మా సభ పర్మిషన్ లేకుండా లోపలికి రాకూడదు."

తాత నా వైపు చూశాడు. "కోడి పోయిందని కేసు పెట్టినా వస్తారప్పా వాళ్ళు. మీ నియమం సదివేదానికి ఆగుతారా? థూ." అది ఆ రోజుకు మొదటిది. నేను లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను.

"దారి యాడుండాది?" అని అడిగాడు. మేం వచ్చిన బండిదారి కృష్ణప్ప అనే రైతు పొలంలోంచి వస్తుందని చిన్నాయన చెప్పాడు. ఆయన గట్టు మీదే కూర్చుని బీడీ తాగుతున్నాడు. తాత ఆయన్ను కేకేశాడు. "ఏమప్పా కృష్ణప్పా, వీళ్ళకు దారిస్తావా?"

"భూమి అమ్మేదాకా ఇస్తా" అన్నాడు కృష్ణప్ప, ఏమాత్రం సిగ్గు లేకుండా. "ఆ భూమి మా బామ్మర్దిదే. డబ్బులు చేతికొచ్చినాక, ఇట్లాటోళ్ళు మా పొలంలో నడిస్తే ఊరోళ్ళు ఏమంటారు?"

తాత రెండోసారి ఉమ్మాడు. ఈసారి కృష్ణప్ప చెప్పుల దగ్గర పడింది.

"మీరు ముసలోళ్ళయితే ఎవరు సూస్తారు? పోతే ఎవరు మోస్తారు?"

"ఒకరికొకరం" అన్నాడు కిరణ్.

"నలభై ఇండ్లల్లోనూ ఒకే ఈడోళ్ళు. అందరూ ఒకేసారి ముసలోళ్ళయితారు."

"అప్పటికి కొత్తవాళ్ళు వస్తారు తాతా. ఇట్లాటి పిల్లోడు ఏదో ఒక ఇంట్లో పుడుతూనే ఉంటాడు. పుట్టినాక వాడికి పోయేదానికి ఒక చోటుండాల" అన్నాడు కిరణ్. "నాకు ఉండింటే పద్దెనిమిదేళ్ళప్పుడు బావిలో దూకుండను. ఎండాకాలం కాబట్టి నీళ్ళు లేక బతికినా. కాలు ఇరిగింది, అంతే."

అప్పుడు చూశాను, ఆయన కొంచెం కుంటుతాడు. తాత కండువా తీసి తలకు చుట్టుకున్నాడు. అంటే పని మొదలుపెడుతున్నాడని అర్థం. కాదని చెప్పి వస్తానన్న మనిషి తాడు పట్టుకుని హద్దు వెంట నడుస్తున్నాడు. అవ్వకు ఏం చెప్పాలి?

గంట పట్టింది. నాలుగు మూలలూ తిరిగొచ్చి మజ్జిగ తాగి, "రెండొందల తొంభై రాళ్ళు" అన్నాడు. "అయ్యే పనే. కష్టం, అయినా అవుతాది. దారికి తూర్పు పక్క అడగండి, ఆడ వంక పక్కన సర్కారు పోరంబోకు ఉండాది, కృష్ణప్ప కాళ్ళు పట్టుకునే పని ల్యా."

చిన్నాయన ముఖం వెలిగిపోయింది. "మూడొందల ఇరవై ఎనిమిదికి చెప్పేసినాం నాయనా, క్వారీలో."

"యాల? ముప్పై ఎనిమిది ఎక్కువుండాయే?"

"విరిగిపోతే పనికొస్తాయని..." అన్నాడు కిరణ్.

"ఇరిగేదానికి నాలుగు తెస్తారు, అయిదు తెస్తారు. ముప్పై ఎనిమిదంటే మూడొందల ఎనభై అడుగులు. అది ఇంకో కంచె. యాడ నాటాల?"

తాత నన్ను పిలిచాడు. "మే అర్చనా, ఆ కాగితం సదువు."

నాకు లెక్కలే రావు, చదవడం వచ్చు. ప్లానులో గేటు పక్క మూలలో ఒక ముక్కను గీతతో వేరు చేశారు. ముక్కాలెకరా ఉంటుంది. ఆ ముక్కకు వేరే చిన్న గేటు. లోపల 'హిజ్రాలకు' అని రాసుంది. గీత ఇవతల సభాస్థలం, తోట, ఫోటోలకని నాలుగు పుంగనూరు పొట్టి ఆవుల కొట్టం. ఆవులకు కూడా లోపలే చోటిచ్చారు. గట్టిగానే చదివాను.

"అది వేరే ఉద్దేశంతో కాదు తాతా" అన్నాడు కిరణ్. "వాళ్ళు మధ్యలో ఉంటే బయటివాళ్ళు దీన్ని ఇంకో రకం చోటనుకుంటారు. మాకు మంచి పేరు రావాలి కదా. సభలో ఓటు పెట్టే తీసుకున్నాం."

భారతమ్మ గ్లాసులు కడుగుతోంది. తల ఎత్తలేదు. "నాకు తెలుసులే పెద్దాయనా. గేటు పక్కనైతే మాకు బస్సుకు దగ్గిర" అంది.

వెంకటరమణ బండి దగ్గర నుంచి గబగబా వచ్చాడు. "గణేషా, ఆ సభకు నేను రాలేదు. నీకు తెలుసునా ఇది?"

చిన్నాయన చెప్పుల వైపు చూసుకున్నాడు.

తాత ముఖం అంత వికారంగా మారడం నేను ఎప్పుడూ చూడలేదు, బోండా కథ విన్నప్పుడు కూడా ఊహించుకోలేదు. కుళ్ళిన మాంసం వాసన తగిలినట్టు ముక్కు, మూతి, కళ్ళు అన్నీ ముడుచుకుపోయాయి.

"రేయ్. నీ సామాను ఈదిలో పడేస్తే తొమ్మిది దినాలు ఎవురి చేతి కూడు తిన్న్యావు? ఆయమ్మకు కంచె ఏసేదానికి నువ్వు చెయ్యెత్తినావా?"

"ఎత్తలేదు."

"వద్దన్న్యావా?"

"...అనలేదు."

"థూ! నీకంటే ఆ కృష్ణప్ప నయం. వాడు మొగం మీద చెప్పినాడు. తిన్న కూడు అరక్కముందే రాయి పాతే బుద్ధి నీకు యాడ పుట్టిందిరా?"

చిన్నాయన అప్పుడు తల ఎత్తాడు. కళ్ళ నిండా నీళ్ళు, గొంతులో మాత్రం తడి లేదు. "మనింట్లోనే నాయనా. పదకొండు రాళ్ళు. నువ్వు నాటింది సూసే నేర్చుకున్న్యా. కన్న కొడుక్కే దారి వేరే పెట్టొచ్చు అనుకుంటే, అన్నం పెట్టినామెకు పెట్టలేనా?"

తాత ఉమ్మడానికి నోరు తెరిచాడు. మూసుకున్నాడు. తాడు చుట్టి సంచిలో పెట్టుకుని, "ఇది నా చేత గాదు. ఇంకెవురినన్నా పెట్టుకోండి" అని కిరణ్‌తో చెప్పి, గ్లాసు తీసుకెళ్ళి భారతమ్మ చేతికిచ్చాడు. ఇచ్చి, ఆటో ఎక్కాడు.

పలమనేరు దాటాం. బస్సులో ముందు సీటు పిల్లవాడు వాంతి చేసుకున్నా థూ అనలేదు. నాకు భయమేసింది.

"మే."

"ఏం తాతా?"

"ఆ పదకొండింటికీ సిమెంటు పోసినానా?"

"పోసినావు. నా చేతనే నీళ్ళు పోయించి తడిపించినావు. గట్టిగా ఉండాలని."

"థూ" అన్నాడు, కిటికీలోంచి. ఎవరి మీద ఉమ్మాడో నేను అడగలేదు.

మరుసటి రోజు తెల్లారి గడ్డపార తీసుకుని సందులోకి దిగాడు. సిమెంటులో పాతిన రాయి అంత సులభంగా రాదు. మూడు రోజుల్లో నాలుగు ఊడాయి, మూడు మధ్యకు విరిగాయి. మిగతా నాలుగూ కదల్లేదు. ఎదురింటి రంగనాయకమ్మ గోడ మీదికి వంగి, "ఏం మామా, కంచె తీసేస్తాండావు? మళ్ళీ వాళ్ళిద్దరూ వస్తారా ఏంది, ఛీ" అంది. "ఆవు తగులుకుంటాండాది" అన్నాడు తాత. మా ఆవును అమ్మేసి రెండేళ్ళయింది. ఆ సంగతి రంగనాయకమ్మకూ తెలుసు, కొన్నది ఆమె తమ్ముడే.

పుంగనూరు కంచెను వేరేవాళ్ళు నాటారు, మూడొందల ఇరవై ఎనిమిదీ. చిన్నాయన, వెంకటరమణ పేర్లు తీయించుకున్నారు. ఇంకో ఆరుగురు బయటికొచ్చారు. భారతమ్మ దగ్గరికి చిన్నాయన తప్పు ఒప్పుకోవడానికి పోతే, ఆమె గంటసేపు తన గది బయట ఎండలో నిలబెట్టి, ఆ తర్వాతే లోపలికి పిలిచి అన్నం పెట్టిందట. బాగా చేసింది.

నెల తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ బండి మీద వచ్చారు. చిన్నాయన అలవాటు కొద్దీ సందు వైపు తిరిగాడు. సగం విరిగిన రాళ్ళను చూసి ఆగిపోయాడు. వెంకటరమణ వీధిలోనే హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

తాత అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. "రేయ్, ఇంటికి వాకిలి యాడుండాదో మరిసిపోయినావా?" అని అరిచాడు. వీధంతా విన్నది. రంగనాయకమ్మ కిటికీ తలుపు దబ్బున మూసింది.

చిన్నాయన వాకిట్లోకి వచ్చాడు. వెంకటరమణ కదల్లేదు. తాత ఆయన ముఖం వైపు ఇప్పటికీ సరిగ్గా చూడడు. కాఫీ గ్లాసు వైపు చూస్తూ, "డ్రైవరు సారూ" అన్నాడు. "ఆడ నిలబడి ఏం చేస్తాండావు? ఆ గడ్డపార తీసుకో. ఇంకా నాలుగుండాయి. నా చేత కావడం ల్యా."

"ముందు కాఫీ తాగనీ వాళ్ళను" అని అవ్వ లోపలి నుంచి కేకేసింది.

"తాగితే తాగనీ. చక్కెర ఎక్కువేసినావు. థూ" అన్నాడు తాత, గ్లాసు ఖాళీ చేసి.