వానలో కిరందుల్‌కు: మద్దేడ్‌లో మారిన వైపర్

మా బావ గూడ్సు రైలు డ్రైవరు. విజయనగరం నుంచి వచ్చి ముప్పయ్యేళ్లుగా కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటున్నాడు. పోయిన ఆగస్టులో ఆయన రిటైరయ్యే రోజున, ఆయన నడిపే ఆఖరి బండి మధ్యాహ్నం మూడింటికి కిరందుల్ చేరుతుందని అక్క ముందురోజే ఫోన్ చేసింది. స్టేషన్లో ఉంటానని మాటిచ్చి, ఏటూరునాగారం నుంచి ఆ పొద్దున ఆరింటికి ఒక్కదాన్నే కారులో బయల్దేరాను. రాష్ట్ర సరిహద్దు దాటి భోపాలపట్నం, బీజాపూర్, గీదం, దంతెవాడ మీదుగా ఏడు గంటల దారి. టైర్లు, ఆయిలు, బ్రేకులు అన్నీ చూపించుకున్నాను కాబట్టి ధీమాగానే ఉన్నాను.

భోపాలపట్నం దాటాక వాన దంచింది. మద్దేడ్ ఇంకాస్త దూరం ఉందనగా నా వైపు వైపర్ రబ్బరు ఊడిపోయి, ఇనుప పట్టీ అద్దాన్ని గీకడం మొదలుపెట్టింది. వైపర్ ఆపగానే ఎదురుగా అంతా నీళ్లే. ప్లాస్టిక్ పట్టా కప్పుకుని సైకిల్ మీద పోతున్న భార్యాభర్తలు చివరి క్షణంలో కనిపించారు. బారెడు దూరంలో కారు ఆగింది. వాళ్లు ఒకసారి వెనక్కి చూసి సాగిపోయారు. నేను కారును రోడ్డు పక్కకు తీసి ఆపుకున్నాను.

వాన కాస్త తెరిపిచ్చాక మెల్లగా మద్దేడ్ చేరి, పంక్చర్ల దుకాణం ముందు ఆపాను. దుకాణం నడిపే లచ్చయ్య రబ్బరును గోటితో గిల్లి చూసి, ఎండకు గట్టిపడిపోయిందన్నాడు. తన దగ్గర కొత్తవి లేవట. బీజాపూర్ దాకా నెమ్మదిగా పోతానంటే ఒప్పుకోలేదు.

"ఏంది మేడం, గుడ్డిగ పోతరా? పక్క సీటు దిక్కుది పీకి ఇటేస్త. జర చిన్నగుంటది గాని మీకు రోడ్డు కానొస్తది."

ముందుగా అద్దం మీద తువ్వాలు మడతపెట్టి పరిచాడు. పట్టీ తీశాక ఉత్త కడ్డీ చేయి జారి పడితే అద్దం పగులుతుందని చెప్పాడు. పక్క సీటు వైపు పట్టీని నా వైపు బిగించి, ఖాళీ అయిన కడ్డీ అద్దాన్ని గీకకుండా దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టాడు. పావుగంటలో పనయింది.

బీజాపూర్‌లో కొత్త జత ఆరువందలకు దొరికింది. డ్రైవర్ వైపుది పొడుగు, రెండోది పొట్టి. దుకాణం మనిషిని ఆగమని, తువ్వాలు పరిచి, కొక్కెం నొక్కి పాతవి తీసి, టక్కుమనేదాకా నెట్టి కొత్తవి నేనే బిగించుకున్నాను. దంతెవాడ దాటాక మళ్లీ కురిసిన వానకు అద్దం మీద ఒక్క గీత పడలేదు.

రెండూ నలభైకి స్టేషన్లో ఉన్నాను. బావ బండి నాలుగింటికి గానీ రాలేదు. ఇంజను దిగిన బావ తోటివాళ్లు తెచ్చిన దండ వేయించుకోకుండా ముందు నా దగ్గరికే వచ్చాడు.

"ఇంత వానలో ఒచ్చీసేవేటమ్మా. నువ్వు లేకుండా ఫొటో వద్దన్నాది మీ అక్క."

అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. అంతసేపూ నవ్వుతూ నిలబడ్డ అక్క కూడా అప్పుడే ఏడ్చింది.

కారు బాగా పరుగెత్తి, బ్రేకు వేస్తే ఆగితే చాలనుకునేదాన్ని. కళ్లముందు దారి కనిపించడం కూడా బండి బాగోగుల్లో భాగమేనని ఆ రోజే తెలిసింది. నిజానికి నా ధీమా తగ్గలేదు. వైపర్లు కూడా చూసుకునే బయల్దేరతాను కాబట్టి ఇప్పుడు దానికి ఆధారం ఉంది. మీరూ వానల్లో ఇటు వచ్చేట్టయితే, బయల్దేరడానికి వారం ముందే వైపర్ రబ్బరు అంచును వేలితో తడిమి చూడండి. గట్టిగా, గరుకుగా తగిలితే మీ ఊళ్లోనే మార్పించుకోండి.