క్లీన్‌రూమ్ గడప

వట్లూరు దాటాక ఉన్న ఆ ఫ్యాక్టరీలో ఎలీయాజరు సీనియర్ ప్రాసెస్ ఇంజినీరు. వెంట్రుకంత సన్నని గాజుతీగల కొసలు నున్నగా అరగదీసి టెలిఫోన్ కంపెనీలకు కనెక్టర్లు తయారుచెయ్యడం అక్కడి పని. కొస మీద కంటికి ఆనని నలుసు పడినా తీగలో వెలుగు సరిగా పారదు. రెండువేల నాలుగు వేసవిలో వందకు ముప్ఫై ముక్కలు నలుసులతోనే పోతున్నాయి. శుక్రవారం బెంగుళూరు నుంచి కొనేవాళ్ళు తనిఖీకి వస్తారు. ఈలోగా లోపం దొరక్కపోతే ఆర్డరు పోతుంది, ఈ పని కోసమే దుమ్ము చొరకుండా కట్టిన క్లీన్‌రూమ్ గది మూతపడుతుంది.

మూడు వారాలుగా అతను వెతకని చోటు లేదు. ఫిల్టర్లు మార్పించాడు, జిగురు మార్చాడు. చేపల చెరువుల్లో చల్లే సున్నం గాలికి వస్తోందేమోనని సందులన్నీ మూయించాడు. ఇంట్లో కంచం ముందు కూర్చుంటే, "ఏవండీ, అన్నంలో కూడా వెతుకుతున్నారా?" అంది భార్య. అతనికి నవ్వు రాలేదు.

బుధవారం చెప్పాపెట్టకుండా వెనక తలుపు నుంచి ఆ గదికి వెళ్ళాడు. గడప బయట పన్నెండు జతల తెల్లబూట్లు వరసగా ఉన్నాయి. ఆ గదిలో మాత్రమే తొడుక్కోవలసిన బూట్లవి. లోపల పన్నెండుమంది ఆడవాళ్ళూ వట్టికాళ్ళతో పనిచేస్తున్నారు.

"రూతమ్మా, ఏంటిది?"

అందరిలోకీ పెద్దావిడ రూతమ్మ లేచి నిలబడింది. "ఇంత శుభ్రమైన గదిలోకి కాళ్ళకేసుకుని ఎలా వస్తామండీ? ప్రాణం ఒప్పదండీ. మీరొస్తున్నారంటే మాత్రం వేసుకుంటామండీ."

"మీ అరికాళ్ళ నుంచి రాలే పొట్టేనమ్మా ఆ నలుసులు!"

"కడుక్కునే వస్తున్నామండీ. రెండుసార్లు."

"రేపు చర్చిలోకి కూడా బూట్లతో రమ్మంటారు కాబోలు," అని వెనక నుంచి ఎవరో అంటే కిసుక్కున నవ్వారు.

చర్చి వాకిట్లో చెప్పులు విడిచే మనిషే ఎలీయాజరు కూడా. అయినా ఒళ్ళు మండి అరిచేశాడు. రూతమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ సాయంత్రమే అందరూ బూట్లు తొడిగారు. గురువారం వందకు నాలుగే ముక్కలు పోయాయి.

ఆ సంగతి యజమాని నిత్యానందంగారికి చెప్పబోతే, "తగ్గిందిగా, చాలండీ. వివరాలు మీరు చూసుకోండి," అని ఫోను అందుకున్నారు.

శుక్రవారం బెంగుళూరు వాళ్ళిద్దరూ తెల్లబూట్లు తొడుక్కుని లోపలికి నడిచారు. వెనకే వచ్చిన నిత్యానందంగారు గడప దగ్గర ఆగి, బూట్లూ మేజోళ్ళూ విప్పి పక్కన పెట్టి, కుడికాలు ముందుపెట్టి లోపలికి వచ్చారు.

"మాకిది గుడండీ," అన్నారు గర్వంగా. "ఈ గదిలోకి నేనెన్నడూ బూట్లతో అడుగు పెట్టలేదు."

ఎలీయాజరు నోరు తెరిచేలోపే, వచ్చినవాళ్ళలో ఒకాయన ఆ కాళ్ళవంక చూసి ఏదో రాసుకున్నాడు.

సోమవారం ఉత్తరం వచ్చింది. శుభ్రత పాటించే పద్ధతి లేదనీ, ఆర్డరు వెనక్కి తీసుకుంటున్నామనీ. "మీ వర్కర్లకి శిక్షణ చాల్లేదంటున్నారు, ఏంటండీ ఇది?" అన్నారు నిత్యానందంగారు. "వర్కర్లు కాదండీ, మీ కాళ్ళు," అన్నాడు ఎలీయాజరు. ఆయన అర్థం కానట్టు చూసి, నెలాఖరుకి గది మూసేయమన్నారు.

ఆ మాట చెప్పడానికి వెళ్తే రూతమ్మ అడిగింది. "మేం సరిగ్గానే వేసుకున్నాం కదండీ?"

"వేసుకున్నారమ్మా," అన్నాడు. బుధవారం అరిచినందుకు ఆవిడకి చేతులు జోడించాడు.