నీలం చీర మీద వడియాలు

ఎండకు ఆరే వడియాల పిండి వాసన తగిలితే, ఈ వయసులోనూ నా చూపు ముందు ఆకాశం వైపే పోతుంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నెల్లితోపులో మా మిద్దె మీద అమ్మ తెల్లపంచె పరిచి వడియాలు పెట్టి, కాకులు రాకుండా నన్ను కాపలా ఉంచింది. కింద ఉయ్యాలలో తమ్ముడు నిద్రపోతున్నాడు. ఉన్నట్టుండి సముద్రం వైపు నుంచి రెండు యుద్ధవిమానాలు వచ్చాయి. ఒకటి పారిపోతుంటే రెండోది తరుముతోంది. ఆ మోతకు మిద్దె అదిరింది. మిద్దె మీద తెల్లబట్ట కనబడితే బాంబు వేస్తారని అంతకుముందు జరిగిన యుద్ధమప్పుడు పెద్దవాళ్ళు అనగా విన్నాను. పచ్చి వడియాలతో సహా పంచెను మూటగట్టి, దాని మీద బోర్లా పడుకున్నాను.

అమ్మ పరుగున వచ్చింది. "ఏందే ఇది! పిండంతా పాడు చేస్తివే!"

"బాంబు ఏస్తారమ్మా, కింద తమ్ముడుండాడు," అని ఏడ్చాను.

పక్క మిద్దె మీది మిల్లు మామ పగలబడి నవ్వాడు. "యుద్ధమూ లేదు, ఏమీ లేదు పాపా. ఇద్దరూ మనోళ్ళే. ఒకర్నొకరు తరిమి ప్రాక్టీసు చేస్తా ఉండారు. నీ వడియాలు వాళ్ళకెందుకు?"

అమ్మ కూడా నవ్వింది. పంచెకు అంటుకున్న పిండిని గీకి తీసి, ఆ పూటే మళ్ళీ వడియాలు పెట్టింది. పంచె మీద కాదు, పండక్కి మాత్రమే కట్టుకునే తన ముదురు నీలం చీర మీద.

"ఎందుకమ్మా?" అన్నాను.

"నోర్మూసుకొని కాకుల్ని చూడు," అంది. తను మాత్రం ఆకాశాన్నే చూస్తోంది.

నిన్న మిద్దె మీద నీలం చీర పరిచి నేను వడియాలు పెడుతుంటే, నా మనవరాలు అదే అడిగింది. నేనూ కాకుల్ని చూడమనే చెప్పాను.