కోడ్ లేని గూడెం

తొంభైల నడుమ పీహెచ్‌డీ పని మీద నల్గొండ జిల్లా ఊళ్లు తిరిగాను. బోరింగుల నీళ్లు సీసాల్లో పట్టి, పరీక్ష చేయించి, ఆ అంకెలను కంప్యూటర్లో ఎక్కించాలి. ఏ ఊరికి ముందు మంచినీళ్ల పైపు వేయాలో ఆ జాబితా చూసే తేలుస్తారన్నారు. కంప్యూటర్ మీద ఆర్నెల్లు శిక్షణ పొందిన గర్వం నాది. జిల్లా దాహమంతా నేనే తీర్చబోతున్నట్టు తిరిగేదాన్ని.

ఒక ఊరికి రెండు మైళ్ల అవతల గొర్లకాపరుల గూడెం ఉంది. అక్కడ బోరింగు ఒక్కటే. దాని పక్కన కూర్చున్న అవ్వ కాళ్లు రెండూ వంకర తిరిగిపోయాయి. కోడలి భుజం పట్టుకుంటే గానీ లేవలేదు. కాళ్లను ఇలా వంచేది నీళ్లలోని ఫ్లోరైడని నేను చెప్పబోతే నవ్వింది.

"గా పేరు నాకెందుకు బిడ్డా? మా కోడలు నీళ్లు పోసుకున్నది. పుట్టేటోల్లకన్న మంచినీళ్లు వస్తయా, గది చెప్పు."

"వస్తయి అవ్వా. కంప్యూటర్ల ఎక్కిస్త గద" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం.

గూడెం నీళ్లు నేను పట్టిన వాటన్నిట్లోకీ చెడ్డవని తేలింది. తీరా ఎక్కించబోతే, ప్రతి ఊరికీ సర్కారు ఇచ్చే కోడ్ నంబరు గూడేనికి లేదు. కోడ్ ఉన్నది ఊరికి మాత్రమే, గూడెం అంకెలూ దాని కిందే ఎక్కించాలి. ఊళ్లో బోరింగుల్లో నీళ్లు బాగానే ఉన్నాయి. వాటితో గూడెం నీళ్లను కలిపి సగటు తీసి, ఆ ఊరికి భయం లేదని కంప్యూటర్ తేల్చేసింది. చెరిపి మళ్లీ ఎక్కించాను. మళ్లీ అదే వచ్చింది.

మా గైడు చెడ్డవాడేం కాదు. "కోడ్‌లు మార్చడం మన చేతుల్లో లేదమ్మా. పేజీ కింద ఫుట్‌నోట్ రాయి" అన్నారు. పైపులు వేయించే జిల్లా ఆఫీసుకు పోతే గుమస్తా నా అర్జీ మర్యాదగానే తీసుకున్నాడు.

"గా గూడెం మా లిస్టుల లేదు మేడం. లేని ఊరికి పైపు ఎట్ల ఏస్తం?"

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాకు చేతనైంది అదొక్కటే.

ఆ తర్వాతి వానకాలంలో మళ్లీ గూడేనికి వెళ్లాను. పైపులు వేరే ఊళ్లకు పోయాయి. అవ్వ నన్ను గుర్తుపట్టింది.

"ఎక్కిచ్చినవా బిడ్డా?"

"ఎక్కించిన అవ్వా."

ఆమె ముఖం విప్పారింది. కోడలు బోరింగు కొట్టి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. కొంచెం తాగాను. అవ్వ ఒళ్లో ఉన్న చంటిపిల్ల అదే పనిగా ఏడుస్తుంటే, కోడలు చెంబులో మిగిలిన నీళ్లు గిన్నెలోకి వంచి దానికి పట్టింది. వద్దనబోయి ఆగాను. వద్దంటే, మరేం పట్టమని చెప్పను?